వదిన గొలుసు, మూడు పెట్టెలు

మొదటి రోజు: పారిస్

మా అమ్మాయి చిన్ని ఉండేది పారిస్‌కి దక్షిణంగా ఆంటోనీ అనే ఊళ్లో, లిఫ్టు లేని మూడో అంతస్తులో. విమానాశ్రయం నుంచి ఆర్‌ఈఆర్ బీ రైలెక్కితే మారే పని లేకుండా అక్కడికే తెస్తుంది. దారంతా చిన్ని ఒక్కటే మాట: "తలుపు పక్కన నిలబడకండి, ఫోను చేతిలో ఊపుకుంటూ కూర్చోకండి." తలుపులు మూసుకునే సమయానికి ఫోను లాక్కుని దూకేస్తారట. తలుపు మూసుకున్నాక మనం లోపల, వాడు బయట. ఆ మాట అప్పుడు విని వదిలేశాం. నాలుగో రోజుకి గాని దాని విలువ తెలియలేదు.

కాకినాడ నుంచి నాలుగు పెద్ద పెట్టెలతో బయల్దేరాం. ఒక్కోటీ 23 కిలోలు. విమానం వాళ్లు 23 ఒప్పుకుంటుంటే 22తో సరిపెట్టుకోవడం మా ఇంటావంటా లేదు. వచ్చినవాళ్లం ముగ్గురం: నేను, మా ఆయన, మా వదిన. వదినంటే ఆయనకి అక్క, పోస్టాఫీసులో చేసి రిటైరైంది. కాశీకి ఐదుసార్లు వెళ్లొచ్చిన మనిషి. రైలు ప్రయాణం గురించి ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, అది ఆవిడ అభిప్రాయం.

కాఫీలయ్యాక చిన్ని పరీక్ష పెట్టింది. "ఎవరి పెట్టె వాళ్లే ఎత్తుకుని కింది దాకా దిగి మళ్లీ ఎక్కి రండి. ఎక్కలేని పెట్టె రైలుకి రాదు. ఇక్కడ ఎర్రచొక్కా కూలీలు ఉండరు." వదిన మొదటి మలుపు దాకా తెచ్చి దాని మీదే చతికిలబడింది. మా ఆయన దిగాడు గాని ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగి, ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు. నేనసలు ప్రయత్నించలేదు.

ఆ సాయంత్రం హాలంతా పరిచి మళ్లీ సర్దాం. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు ఎటూ చిన్నికే కాబట్టి అవి పోగా పెట్టెలు కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. నాలుగు మూడయ్యాయి, ఒక్కోటీ 14 కిలోలకి దిగింది. నాలుగోది చిన్ని దగ్గరే ఉంచేశాం. ఫ్రాన్సులో టీజీవీ ఇనూయి అనే హైస్పీడు రైళ్లకి ఒక లెక్కుంది: మనిషికి 70, 90, 50 సెంటీమీటర్లు మించని పెద్దవి రెండు, చిన్న చేతిసంచీ ఒకటి. అంతకు మించితే 50 యూరోల జరిమానా. మేం ఎక్కబోయేది స్విట్జర్లాండ్ వెళ్లే టీజీవీ లిరియా, అయినా అదే లెక్కన సర్దింది చిన్ని. ప్రతి పెట్టెకీ పేరు రాసిన చీటీ కట్టి తీరాలి.

"పేరూ ఫోన్నంబరూ రాసి కడితే దొంగకి మన అడ్రసు మనమే ఇచ్చినట్టు కాదూ?" అంది వదిన.

"అడ్రసు రాయట్లేదు కదత్తా. చీటీ లేని పెట్టె దొరికితే ఎవరిదో తెలీక బాంబేమో అనుకుంటారు."

ఆ మాటకి వదిన లొంగింది. దానితో పాటు ప్రతి పిడికీ పసుపు రంగు జాకెట్టు గుడ్డ ముక్క కట్టింది. ఆ గుడ్డ ముక్క ఎంత పనికొచ్చిందో చెప్పలేను. యూరప్‌లో సగం మంది పెట్టెలు నల్లవే.

తర్వాత వదిన తన ఎయిర్‌బ్యాగు అడుగు నుంచి పాత తువ్వాల్లో చుట్టినది బయటికి తీసింది. ఇనప గొలుసు, ఇత్తడి తాళం. రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద ఎప్పుడో కొన్నది. మన బోగీల్లో కింది బెర్తు కింద రింగులుంటాయి కదా, వాటిలోంచి గొలుసు దూర్చి తాళమేసి తాళంచెవి మెళ్లో గొలుసుకి తగిలించుకుంటే గాని ఆవిడకి నిద్ర పట్టదు.

"అత్తా, ఇక్కడ సీటు కింద పెట్టెలు పట్టవు. రింగులూ ఉండవు."

"మరెక్కడ పెడతారే?"

"బోగీ తలుపు దగ్గర అరలుంటాయి."

"తలుపు దగ్గరా! అంటే దిగేవాడెవడైనా చేత్తో పట్టుకుని దిగిపోవచ్చన్నమాట."

చిన్ని నోరు తెరిచి మూసింది. గొలుసు మాతో వచ్చింది.

రెండో రోజు: పారిస్ నుంచి వెంగెన్

చిన్నికి ఆఫీసు. గార్ ద లియోన్ స్టేషన్లో దింపి, ముద్దు పెట్టి వెళ్లిపోయింది. గడియారం గోపురమున్న ఆ పాత స్టేషను అందంగా ఉంటుంది గాని, చూసే తీరిక ఎవరికుంది? మా రైలు ఏ ప్లాట్‌ఫారానికొస్తుందో బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందు గాని బోర్డు మీద వెయ్యరు. అందరూ మెడలెత్తి బోర్డు చూస్తుంటారు, పెట్టెలు కాళ్ల దగ్గర ఉంటాయి. జేబుదొంగకి అంతకన్నా ఏం కావాలి?

మా ఆయన కాఫీకి వెళ్లాడు. నాకు బాత్రూముకి వెళ్లాల్సొచ్చింది. వదిన కూడా వస్తానంది. "సామాను?" అన్నాను. ఆవిడ పక్కన కూర్చున్న తెల్లావిడ వైపు తిరిగి, పెట్టెల్ని చూపించి, రెండు వేళ్లు తన కళ్ల దగ్గర పెట్టి సైగ చేసింది: కాస్త చూస్తూ ఉండమ్మా అని. సామర్లకోటలో అయితే ఆ తల్లి మన పెట్టెల మీద తన పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని మరీ కాపలా కాసేది. ఈవిడ "నో, నో" అంటూ లేచి అవతలికి వెళ్లిపోయింది. వదిన చాలా నొచ్చుకుంది. అప్పుడే తుపాకులు పట్టుకుని నలుగురు సైనికులు మెల్లగా నడుచుకుంటూ పోయారు. 2015లో పారిస్‌లో దాడులు జరిగినప్పటి నుంచి స్టేషన్లలో ఈ గస్తీ ఉంటోంది. యజమాని లేని పెట్టె కనిపిస్తే ఆ మేర జనాన్ని ఖాళీ చేయిస్తారు, బాంబుల వాళ్లొస్తారు, రైళ్లాగిపోతాయి. ఆవిడ వద్దన్నది మర్యాద లేక కాదు. వదినకి చెప్పాను గాని నమ్మలేదు.

చివరికి బాత్రూముకి వంతులవారీగా వెళ్లాం. ముగ్గురున్నందుకు బతికిపోయాం. ఒంటరిగా వచ్చేవాళ్లు పెట్టెని లోపలికి లాక్కుపోవాల్సిందే.

టీజీవీ రైళ్లు ఒక్కోసారి రెండు కలిపి కడతారు. మధ్యలో దారి ఉండదు. వేరే సగంలో ఎక్కితే లోపల్నుంచి మన బోగీకి నడిచి రాలేం. అందుకే టికెట్టు మీది బోగీ నంబరు చూసుకుంటూ ప్లాట్‌ఫారం మీద చాలా దూరం నడిచాం. మాది రెండంతస్తుల రైలు. సీట్లు పైన, పెట్టెల అర కింద తలుపు పక్కన. వదిన నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

మూడు పెట్టెలూ కింది అరలో వరసగా పేర్చాక, వదిన తువ్వాలు విప్పి గొలుసు తీసింది. అర కమ్మీలోంచి దూర్చి, మూడు పిడుల్లోంచి లాగి, తాళమేసి రెండుసార్లు గుంజి చూసింది. వెనక జనం ఎక్కుతున్నారు, ఒకరి మీద ఒకరు పెట్టెలు తోస్తున్నారు. "అయ్యిందక్కా, పద పద" అని మా ఆయన ఆవిణ్ణి మెట్లెక్కించాడు. పైన మెత్తటి సీట్లు, పెద్ద కిటికీలు, బయట పచ్చటి ఆవపూల చేలు. గంటకి 300 కిలోమీటర్లు పోతున్నా కప్పులో కాఫీ కదల్లేదు. వదిన పావుగంటలో గురక పెట్టింది. తాళమేసిన గొలుసు అంత నమ్మకం ఇస్తుంది మరి.

చిన్ని ఒక మాట చెప్పింది: రైలు కదులుతున్నంత సేపూ పెట్టె ఎక్కడికీ పోదు, స్టేషన్లో ఆగినప్పుడు మాత్రం ఒకరు తలుపు దగ్గర నిలబడండి. గంటన్నర తర్వాత డీజోన్ వస్తోందని చెప్పారు. నేను కిందకి దిగాను.

అరల దగ్గర ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ నల్ల పెట్టె ఒకటి లాగుతున్నాడు. ఎంత లాగినా రావట్లేదు. లాగినప్పుడల్లా దాంతో పాటు పసుపు గుడ్డ ముక్కలు కట్టిన మూడు పెట్టెలు కదులుతున్నాయి. నా గుండె జారిపోయింది. నాలుగు నల్ల పిడులున్న చోట వదిన గొలుసు నాలుగిట్లోంచీ దూర్చేసింది.

రైలు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను మెట్లెక్కి పరిగెత్తి వదిన భుజం పట్టి ఊపాను. "తాళంచెవి!" అంటే "ఏం, దొంగా?" అని కేకేసింది, బోగీ మొత్తం మా వైపు తిరిగేలా. "దొంగలం మనమే వదినా, ఇలా ఇవ్వు!" తాళంచెవి మెళ్లో మంగళసూత్రాలతో పెనవేసుకుపోయి ఉంది. విప్పేదాకా ఆగలేక ఆవిణ్ణే కిందకి నడిపించాను. ఆవిడ వంగి, మెడతో సహా తాళం దగ్గరికి చేరి, అలాగే తిప్పింది. కుర్రాడు పెట్టె లాక్కుని దూకాడు. దూకాక వెనక్కి తిరిగి నవ్వాడనే నా నమ్మకం. మా ఆయన మాత్రం అది నవ్వు కాదంటాడు.

బాసెల్ వచ్చేదాకా వదిన మాట్లాడలేదు. దిగే ముందు మా ఆయన గొలుసు తువ్వాల్లో చుట్టి తన వీపుసంచిలో పడేసుకున్నాడు. "ఇంక దీని పెత్తనం నాది" అన్నాడు.

స్విస్ రైల్లో ఎక్కగానే మనసు తేలికపడింది. చాలా బోగీల నేల ప్లాట్‌ఫారంతో సమానంగా ఉంటుంది, ఎత్తే పని లేదు. వీపులు ఆనించిన సీట్ల మధ్య త్రికోణంలా ఖాళీ ఉంటుంది, పెట్టె అందులో సరిగ్గా దూరుతుంది. అంటే మన వెనకే, చెయ్యి చాపితే అందేలా. బెర్న్, స్పీట్స్ మీదుగా రెండు గంటల్లో ఇంటర్లాకెన్ ఓస్ట్ చేరాం. ఇంత హాయిగా గడిచింది కదా అని ఒళ్లు మరిచాం.

ఇంటర్లాకెన్ నుంచి లౌటర్‌బ్రున్నెన్ వెళ్లే చిన్న రైలు మధ్యలో స్వైల్యుట్షినెన్ అనే చోట రెండుగా విడిపోతుంది. ఒక సగం లౌటర్‌బ్రున్నెన్‌కి, ఇంకో సగం గ్రిండెల్‌వాల్డ్‌కి. బోగీ మీద రాసే ఉంటుంది. మా ఆయన రెండు పెట్టెలతో ఒక తలుపులో ఎక్కాడు, రద్దీ చూసి నేనూ వదినా మూడోదాన్ని పట్టుకుని పక్క బోగీలో ఎక్కేశాం. కాసేపయ్యాక తెర మీద గ్రిండెల్‌వాల్డ్ అని పడింది. స్వైల్యుట్షినెన్‌లో దిగి పెట్టె ఈడ్చుకుంటూ ప్లాట్‌ఫారం మీద పరిగెత్తాం. వదిన చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, పెట్టె పిడి ఒక చేత్తో. మా ఆయన తలుపులో నిలబడి "అక్కా! అక్కా!" అని అరుస్తున్నాడు, ఏదో గోదావరి వరదలో కొట్టుకుపోతున్నట్టు. ఎక్కాం.

వెంగెన్‌కి కార్లు వెళ్లవు. లౌటర్‌బ్రున్నెన్ నుంచి పళ్లచక్రం రైలొక్కటే దారి. స్టేషను బయట హోటళ్ల వాళ్ల చిన్న కరెంటు బళ్లు ఆగి ఉన్నాయి. మా పెట్టెలు ఒక బండెక్కాయి, మేం వెనక నడిచాం. ఆ రోజుకి మొదటిసారి చేతులు ఖాళీ.

మూడో రోజు: వెంగెన్

సామాను గదిలో. మేం 3454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రౌయోహ్ అనే మంచు కనుమలో. చెప్పడానికేముంది, మంచు, జనం, ఖరీదు. వదిన మంచు ముద్ద చేసి తమ్ముడి మీద విసిరింది. గొలుసు పెత్తనం లాక్కున్నందుకు అనుకుంటాను.

హోటలావిడ చెప్పింది: స్విట్జర్లాండ్ లోపల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పెట్టెల్ని స్టేషన్లో అప్పగించేస్తే అవే వస్తాయట, రెండు రోజులు ముందుగా ఇవ్వాలి. మేం మర్నాడే దేశం దాటుతున్నాం కాబట్టి మాకు ఉపయోగపడలేదు. ఆ దేశంలోనే వారం తిరిగేవాళ్లు మాత్రం తప్పకుండా వాడుకోవాలి.

నాలుగో రోజు: వెంగెన్ నుంచి మిలాన్

స్పీట్స్‌లో మిలాన్ రైలెక్కాం. బల్ల చుట్టూ నాలుగు సీట్లున్న చోటు మాది. పెట్టెలు బోగీ చివర అరలో పెట్టి, అవి కనపడేలా నేను నడవ పక్కన కూర్చున్నాను. ప్రతి స్టేషన్లోనూ లేచి నిలబడి వాటినే చూస్తున్నాను. బ్రిగ్ దాటాక సింప్లన్ సొరంగం. 1906లో తెరిచారు, దాదాపు 20 కిలోమీటర్లు. చీకట్లోంచి బయటపడితే ఇటలీ. దోమోదోస్సోలా దగ్గర రైలు కాస్త ఎక్కువసేపే ఆగింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు, పోలీసులు ఒకరిద్దరు బోగీల్లో నడిచారు.

నేను లేచి పెట్టెల్ని చూస్తున్నాను. మూడు పసుపు ముక్కలూ కనిపిస్తున్నాయి. అప్పుడే ప్లాట్‌ఫారం మీద ఒకతను మా కిటికీ తట్టాడు. చేతిలో కాగితం. మా ఆయనకి చూపిస్తూ ఏదో అడుగుతున్నాడు, కింద రైలు చక్రాల వైపు వేలు పెట్టి చూపిస్తున్నాడు. మా ఆయన లేచి కిటికీకి మొహం ఆనించాడు. వదినా వంగింది. నేనూ ఒక్క క్షణం అటు తిరిగాను. అతను భుజాలెగరేసి వెళ్లిపోయాడు. రైలు కదిలింది.

అరగంటకి స్ట్రేసా వచ్చింది. కిటికీ నిండా మజ్జోరే సరస్సు, నీళ్ల మధ్య తోటలున్న దీవులు. "కెమెరా, కెమెరా" అంటూ మా ఆయన నెత్తి మీది అర వైపు చెయ్యి చాపాడు. చెయ్యి అటూ ఇటూ తడిమింది. నా గొడుగుంది. వదిన శాలువా ఉంది. వీపుసంచి లేదు.

ఆ తర్వాత మేం చేసినవన్నీ అందరూ చేసేవే. సీట్ల కింద చూశాం. అక్కడ పెట్టలేదని తెలిసీ పెట్టెల దగ్గర చూశాం. అవతలి సీట్లో పెద్దాయన, ఎవరో ఒక అబ్బాయి అదే సంచి తగిలించుకుని దోమోదోస్సోలాలో దిగడం చూశానని, మాతో వచ్చినవాడే అనుకున్నానని చెప్పాడు. ఎవరి సంచి వాళ్లు తీసుకున్నట్టే తీశాడట, తొందర లేకుండా. కిటికీ దగ్గర ఒకడు, లోపల ఒకడు. మొత్తం నిమిషం కూడా పట్టి ఉండదు.

పెద్ద పెట్టెల మీద అంత కాపలా కాశాను కదా, వాటి జోలికి ఎవరూ రాలేదు. 14 కిలోల పెట్టె ఈడ్చుకుంటూ ఏ దొంగ పరిగెడతాడు? అందులో చీరలు, స్వెటర్లు తప్ప ఏముంటాయి? విలువైనవన్నీ మనమే ఒక చిన్న సంచిలో వేసి, మోయడానికి తేలిగ్గా ఉండేలా అమర్చి, మన కళ్లకి అందని ఎత్తులో పెడతాం. టికెట్లు చూసే ఆవిడ వచ్చి విని, "అది ఒళ్లో ఉండాలి, లేకపోతే కాలికి చుట్టుకుని ఉండాలి" అంది ఇంగ్లీషులో. తిట్టినట్టు కాదు, రోజూ చెప్పే మాట ఇంకోసారి చెప్పినట్టు. మిలాన్‌లో రైల్వే పోలీసుల దగ్గర రాయించమంది.

పోయినవి: కెమెరా, రెండు చార్జర్లు, ఆయన కళ్లజోడు, స్వెటరు, బీపీ మాత్రలు, సగం తిన్న జంతికల ప్యాకెట్టు. పాస్‌పోర్టులు పోలేదు. అవి వదిన దగ్గరున్నాయి, లంగాకి లోపల కుట్టించుకున్న జిప్పు జేబులో. ఆ జేబుని చూసి కాకినాడలో ఎంత నవ్వామో! మాత్రల సంగతీ ఆవిడే గట్టెక్కించింది. ఇద్దరిదీ ఒకటే మాత్ర, ఒకటే డోసు. "అమ్మ పోలికండీ, బీపీ కూడా పంచి ఇచ్చింది" అంది.

కాసేపయ్యాక ఆవిడే అడిగింది, నెమ్మదిగా: "తమ్ముడూ, నా గొలుసు ఎందులో పెట్టావు?"

మా ఆయన జవాబు చెప్పలేదు.

"తాళం కూడా అందులోనేనా?"

మిలాన్ చెంత్రాలే స్టేషను 1931 నాటిది. రైలు దిగినవాడికి తాను చీమనని గుర్తుచేసేంత పెద్దది. మనం పెట్టెలతో అటూ ఇటూ చూస్తే చాలు, "హెల్ప్? హెల్ప్?" అంటూ ఎవరో ఒకరు పిడి మీద చెయ్యేస్తారు. ఆ తర్వాత డబ్బులడుగుతారు. వదిన వాళ్లకి తెలుగులోనే సమాధానం చెప్పింది. ఏ భాషకైనా అర్థమయ్యే తెలుగు అది.

రైల్వే పోలీసుల్ని అక్కడ పోల్‌ఫెర్ అంటారు. స్టేషన్లోనే ఆఫీసుంది. కూర్చోబెట్టి, ఓపిగ్గా అన్నీ అడిగారు: రైలు నంబరు, బోగీ, సీటు, ఎన్నింటికి చూశారు, సంచి రంగు. కంప్యూటర్లో కొట్టి, ప్రతి కాగితం మీదా సంతకం పెట్టించారు. దెనూంచా అంటారు దాన్ని. సంచి దొరుకుతుందని వాళ్లూ అనలేదు, మేమూ అడగలేదు. ఇన్సూరెన్సుకి ఆ కాగితం కావాలి, అంతే. పోయిన వస్తువుల జాబితా రాస్తున్నప్పుడు వదిన ముందుకి జరిగి గొలుసు కూడా రాయమంది. ఆఫీసరుకి అర్థం కాలేదు. వదిన తన మెళ్లో గొలుసు చూపించి, తర్వాత రెండు చేతులూ బారుగా చాచి, తాళమేస్తున్నట్టు చూపించింది.

"ఆ, కతేనా! బిచిక్లెత్తా?"

సైకిలుదా అంటున్నాడు. పెట్టెలది అని చెప్పే ఓపిక మాకు లేకపోయింది. సైకిలు గొలుసనే రాసుకున్నాడు.

అయిదో రోజు: మిలాన్ నుంచి వెనిస్

సాయంత్రం దాకా రైలు లేదు. ఇటలీ పెద్ద స్టేషన్లలో డబ్బులేసి తాళం తిప్పే అరలు అరుదు. దెపోజితో బగాల్యి అన్న బోర్డు వెతుక్కోవాలి, మనిషి తీసుకుని రసీదిస్తాడు, గంటల లెక్కన డబ్బు. పొద్దున్న వరస చిన్నదే. తిరిగి తీసుకునే వేళకి పొడుగ్గా ఉంది. రైలు టైముకి ముప్పావుగంట ముందే వెళ్లడం మంచిదయింది.

మిలాన్‌లో ప్లాట్‌ఫారాల దగ్గరికి పోవాలంటే గేటు దగ్గర టికెట్టు చూపించాలి. లోపల కాస్త ప్రశాంతంగా ఉంటుంది. ఆ రాత్రి రైల్లో మా ఆయన వదిన ఎయిర్‌బ్యాగు పట్టీని తన కాలికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చున్నాడు. మెస్త్రే దగ్గర దిగబోయి పట్టీ అడ్డం పడి దిగలేకపోయాడు. అదీ మంచికే. వెనిస్ అసలు స్టేషను సాంతా లూచియా దాని తర్వాతది, నీళ్ల మీది పొడుగాటి వంతెన దాటాక వస్తుంది.

ఆరో రోజు: వెనిస్

ఇక్కడ చిన్ని తెలివికి దండం పెట్టాలి. హోటలు గది ధర చూసి కాదు, వంతెనలు లెక్కపెట్టి తీసుకుంది. స్టేషను నుంచి ఎడమకి తిరిగితే లిస్తా ది స్పాన్యా అనే వీధి. మా హోటలు దాకా ఒక్క వంతెన కూడా లేదు, పెట్టెలు దొర్లించుకుంటూ వెళ్లిపోయాం. పొద్దున్న టీ తాగి స్టేషను ఎదుట మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా స్కాల్‌జి వంతెన. జనం ఒక్కో మెట్టుకీ ఒక్కో పెట్టె టక్, టక్ అని దించుతున్నారు. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి సగం వంతెన మీద ఆగి పోట్లాడుకుంటోంది. ఏ భాషో తెలీదు గాని, "ఇంత పెట్టె ఎందుకు తెచ్చావ్" అనే మాటకి అనువాదం అక్కర్లేదు.

కొంచెం అవతల 2008లో తెరిచిన కొత్త వంతెనకి గాజు మెట్లు పెట్టారు. చూడ్డానికి బాగుంటుంది, వానొస్తే జారతారు. యాత్రికుల పెట్టెల దెబ్బలకి ఆ గాజు పలకలు పగిలి మార్చాల్సి వస్తూ ఉండేది. 2014లో అయితే చక్రాల పెట్టెల చప్పుడుకి జరిమానా వేద్దామని కూడా ఊరి పాలకులు ఆలోచించారు. రాత్రి పదకొండుకి రాతి వీధిలో ఎవరో పెట్టె లాక్కెళ్తుంటే గదిలో పడుకుని విన్నాను. వేద్దామనుకోవడంలో తప్పేం లేదు.

వపొరెత్తో అనే పడవ బస్సుకి 75 నిమిషాల టికెట్టు 9.50 యూరోలు. మూడు కొలతలూ కలిపి 150 సెంటీమీటర్లు దాటని పెట్టె ఒకటి ఆ టికెట్లోనే వస్తుంది. మా పెట్టెలు కొలిస్తే కాస్త ఎక్కువే ఉంటాయి. మేం ఖాళీ చేతుల్తోనే ఎక్కాం కాబట్టి ఆ సంగతి తేలలేదు.

ఏడో రోజు: వెనిస్ నుంచి రోమ్

నాలుగు గంటల ప్రయాణం. పాదోవా, బొలోన్యా, ఫ్లోరెన్స్. ఆగిన ప్రతిచోటా ఒకరు నిలబడ్డాం, ఇద్దరు కూర్చున్నాం. నిలబడ్డవాళ్లు పెట్టెల్ని చూడాలి, కూర్చున్నవాళ్లు ఒళ్లో సంచిని పట్టుకోవాలి, కిటికీ ఎవరు తట్టినా తల తిప్పకూడదు. ఫ్లోరెన్స్‌లో నిజంగానే ఎవరో కిటికీ తట్టారు. మా ముగ్గురికీ మెడలు పట్టేశాయి. తీరా చూస్తే ముందు సీట్లో అమ్మాయికి వీడ్కోలు చెప్పడానికొచ్చిన వాళ్ల నాన్న.

రోమ్ తెర్మినిలో టికెట్ల మిషను ఇంగ్లీషులో మాట్లాడుతుంది, జేబుదొంగలున్నారు జాగ్రత్త అని. మిషను అలా అంటుండగానే ఒకావిడ వచ్చి బటన్లు నొక్కి సాయం చెయ్యబోయింది. వదిన మెల్లగా ఆవిడకీ మిషనుకీ మధ్యలో నిలబడింది, గోడ కట్టినట్టు.

ఎనిమిదో రోజు: తిరుగు ప్రయాణం

తెర్మిని నుంచి విమానాశ్రయానికి లియొనార్దో ఎక్స్‌ప్రెస్. 14 యూరోలు, 32 నిమిషాలు, మధ్యలో ఎక్కడా ఆగదు. ఎక్కడా ఆగదని తెలిశాక వదిన ఆ 32 నిమిషాలూ హాయిగా నిద్రపోయింది, పాస్‌పోర్టుల జేబు మీద చెయ్యేసుకుని.

తర్వాత

ఇన్సూరెన్సు వాళ్లకి పోల్‌ఫెర్ కాగితం పంపాం. నెలరోజులకి జవాబొచ్చింది: జాబితాలోని ప్రతి వస్తువుకీ కొన్న బిల్లు జతచెయ్యండి. కెమెరా బిల్లు చిన్ని పాత మెయిల్లో దొరికింది. కళ్లజోడు బిల్లు షాపతను మళ్లీ రాసిచ్చాడు. చార్జర్లు, జంతికలు వదిలేశాం. అయిదో వస్తువు దగ్గర ఆగాం: సైకిలు గొలుసు, ఒకటి.

మా ఆయన వదినకి ఫోన్ చేశాడు. ఎప్పుడు కొన్నావక్కా, ఎంతకి కొన్నావు అని. ఆవిడ చాలాసేపు గుర్తుచేసుకుంది. రెండో కాశీ యాత్రకి ముందట, రాజమండ్రిలో రైలు కదులుతుంటే కిటికీలోంచి బేరమాడిందట. అతను పాతిక చెప్పాడు. ఈవిడ ఇరవై ఇస్తానంది. అతను గొలుసు లోపలికి విసిరి, ఇరవై నోటుకి చెయ్యి చాపాడు, రైలు వేగమందుకుంది, నోటు అందలేదు.

"వాడికింకా ఆ ఇరవై బాకీరా తమ్ముడూ" అంది.

బిల్లు లేదని రాసేశాం.